తాళం వేసిన బడికి కోడ్ నంబరు

హనుమంతమ్మ టీచరు శిక్షణలో చేరిన ఏడాదే, జిల్లాలోని శిక్షణ కళాశాలలన్నీ ఒకే తీరున లెక్కలు రాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అది 2003. అంతవరకూ ఏ కళాశాల పద్ధతి దానిది. ఒకరు హాజరును రోజుల్లో రాస్తే, ఇంకొకరు శాతాల్లో రాసేవారు. ఇకమీదట అందరికీ ఒకే నమూనా, అవే గడులు, అదీ కంప్యూటర్లో. అనంతపురంలో కమిటీ కూర్చుంది, భోంచేసింది, మళ్లీ కూర్చుంది. శిక్షణ పొందిన మనిషికి పాఠం చెప్పడం వచ్చా అనే గడి మాత్రం ఎవరికీ తట్టలేదు.

అందరికంటే ముందు, ఒక్క తప్పూ లేకుండా నమూనా నింపింది కదిరి వైపున్న జయరాముడి ప్రైవేటు కాలేజీ. అక్కడ తరగతులే జరగవు, ఇక తప్పు జరిగేదెక్కడ? కమిటీ ఆయన్ను మెచ్చుకుని, మిగతావాళ్లకు నేర్పమంది.

హనుమంతమ్మది విడపనకల్లు దాటాక సరిహద్దు పల్లె. పాఠాలు చెప్పడం సాధన చేయడానికి ఆమెను సొంతూరి బడికే వేశారు. వెళ్లేసరికి బడికి తాళం. మిరప కోతలకు ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో బళ్లారి పక్కకు పోయింది. కోతల కాలంలో పిల్లల్ని ఊళ్లోనే ఉంచుకునే హాస్టలు పెట్టండని అర్జీ ఇచ్చి మరీ పోయింది. హనుమంతమ్మ వాళ్ల వెంటే పోయింది. చేని గట్టున, ఆరబోసిన కాయల ఘాటుకు తుమ్ముతూనే పాఠాలు చెప్పింది. చేతులు కళ్లకు పెట్టుకోవద్దన్నది మొదటి పాఠం. కాయల కుప్పలతో కూడికలు రెండో పాఠం. చూడవచ్చిన శిక్షణ కళాశాల లెక్చరరు మెచ్చి సంతకం పెట్టి పోయాడు.

చిక్కంతా సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. పాఠాలు చెప్పిన బడి కోడ్ అని నమూనాలో ఒక గడి ఉంది. మిరప చేనుకు కోడ్ లేదు. పైగా ఆ చేను కర్ణాటకలో ఉంది. గడి నిండకపోతే సర్టిఫికెట్ రాదు. అది రాకపోతే డీఎస్సీకి దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు.

"ఏమప్పా దివాకర్, ఖాళీగా పంపితే ఏమైతాది?" అని అనంతపురం కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటరును అడిగింది.

"కంప్యూటరు తీసుకోదక్కా. మీ ఊరి బడికి కోడ్ ఉండాది గదా, అది కొడ్తా."

"దానికి తాళమేసిండ్రి. తాళానికి చెప్పినానా పాఠాలు?"

"తాళముందా లేదా అనే గడి లేదులేక్కా."

నమూనా నింపడం నేర్పడానికొచ్చి పక్కనే కూర్చున్న జయరాముడు నవ్వాడు. "మా కాలేజీలో చేరింటే ఇన్ని తిప్పలుండునా తల్లీ? మా పిల్లోల్లు ఇల్లు కదల్లేదు. ఒక్క గడి ఖాళీ చూపించు చూస్తాం!"

కమిటీకి చెప్పుకుంటే, వచ్చే ఏడు 'ఇతర' అనే గడి చేరుస్తామన్నారు. గడువు ముంచుకొచ్చింది. "కొట్టు" అంది హనుమంతమ్మ, వేరే వైపు చూస్తూ.

ఉద్యోగం వచ్చింది. ఇంకెవరూ కోరుకోని తన సొంత పల్లెకే వేశారు. ఆమె వెనకాలే హాస్టలు అర్జీకి జవాబు కూడా వచ్చింది: కోతల కాలంలో ఆ బడి నడిచింది, శిక్షణ అభ్యర్థి పాఠాలు కూడా చెప్పింది, కనుక ఆ ఊళ్లో వలస లేదు. అందరికీ ఒకే నమూనా ఉంటే వచ్చే లాభం ఇదే. ఒకచోట కొట్టిన అబద్ధం అన్ని కార్యాలయాలకూ ఒక్కసారే చేరుతుంది.

కోతకు పోయే తిప్పమ్మ ఆమెను వీధిలోనే నిలేసింది. "నీ కంప్యూటర్లో మా పిల్లోల్లు బళ్లోనే ఉండారంట గదమ్మా! మరి చేన్లో నా పక్కన కాయలు కోస్తాండింది ఎవురు?"

హనుమంతమ్మ బస్సెక్కి అనంతపురం పోయింది. "ఆ కోడ్ తీసేయ్ దివాకర్."

"తీస్తే నీ సర్టిఫికెట్టు పోతాది, ఉద్యోగమూ పోతాదక్కా."

"పోనీలే. తీసేయ్."

అతను ప్రయత్నించాడు. ఆమోదం పొందిన లెక్కను మార్చడానికి గడి లేదు. ఆమె కమిటీకి ఉన్నదున్నట్టు రాసిచ్చింది. వచ్చే సమావేశంలో చూస్తామన్నారు.

సమావేశానికంటే ముందు కోతలొచ్చాయి. పల్లె మూటలు కట్టింది. హనుమంతమ్మ పలకలు సంచిలో వేసుకుని, బడికి తనే తాళం వేసి, తలుపు మీద సుద్దముక్కతో పెద్దక్షరాల్లో రాసింది:

"బడి మిరప చేన్లో ఉండాది. ఆడికొచ్చి లెక్క రాసుకోండి."