అక్క చేతులు పడిన ఫొటో

ఎక్స్‌రే మామ ముప్పయ్యేడేళ్ళు ఆసుపత్రిలో జనం ఎముకల్ని ఫొటో తీశాడు. జీవితమంతా నలుపూ తెలుపే చూశానన్న ఉక్రోషం కాబోలు, రిటైరైన మర్నాడే రంగుల మీద పడ్డాడు. అదీ నూరేళ్ళ కిందటి పద్ధతి. నలుపు తెలుపు ఫిల్ము మీద ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీయాలి: ఒకసారి ఎర్ర గాజు అడ్డుపెట్టి, ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం. ఆ మూడింటినీ అవే రంగుల దీపాలతో గోడమీద ఒకదానిపై ఒకటి పడేలా వేస్తే, అసలు రంగులు వచ్చి కూర్చుంటాయి. ఫోనుతో చిటికెలో అయ్యే పనికి ఇంత తంటా ఎందుకంటే ఆయన మరో గాజు తుడుచుకుంటూ కూర్చునేవాడు. స్నానాలగది కాస్తా ఫిల్ము కడిగే చీకటిగది అయ్యాక, పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుందని భార్య ఇరుగుపొరుగుతో మొరపెట్టుకుంది.

పళ్ళూ, కుర్చీలూ, కుండీలూ అయ్యాయి. పాపం, అవి కదలవు. ఇక మనిషిని తీయాలి, ఆ మనిషి అక్కే కావాలి. తల్లి పోయాక కుట్టుమిషన్ తొక్కి ఆయన్ని చదివించింది ఆవిడే. చేతులు వణకడం మొదలై మిషన్‌కి గుడ్డ కప్పేసినప్పటి నుంచీ ఎవరింటికీ పోదు, ఫొటో అంటే మండిపడుతుంది. మూడేళ్ళుగా అక్క బొమ్మ ఒక్కటీ లేదన్నదే ఆయన దిగులు. నెల్లాళ్ళు కాళ్ళావేళ్ళా పడితే, చేతులు మాత్రం పడకూడదంటూ ఒప్పుకుంది.

చేతులు శాలువాలో దాచుకుని కిటికీ పక్కన కూర్చుంది. కెమెరా ముందు రంగు గాజుపలకలు మార్చే హడావుడిలో ఆ శాలువా జారడం మామ చూడలేదు; కడిగాక ఆ చిన్న ఫిల్ముల్లోనూ అది ఆయన కంటపడలేదు.

వారం తర్వాత తెరలు మూసి, అక్కను కూర్చోబెట్టి, దీపాలు వెలిగించాడు. గోడమీద అక్క ప్రత్యక్షమైంది. నెరిసిన జుట్టు, వంకాయరంగు శాలువా, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. వణికిన చేతులు మాత్రం మూడుసార్లూ మూడు చోట్ల పడి, ఒళ్ళో ఎర్రవీ ఆకుపచ్చవీ నీలివీ వేళ్ళు గుంపుగా కనిపించాయి. మామ ఒక్క ఉదుటున వెళ్ళి గోడకు అడ్డం నిలబడ్డాడు. అక్క చేతులు ఆయన తెల్లచొక్కా మీదికి వచ్చాయి.

“పక్కకి జరగరా” అంది అక్క.

జరిగాడు. శాలువా చూసుకోలేదని నసిగాడు. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది.

“ఇవి పనికిరాకుండా పోయాయని ఎంత ఏడ్చానో. చూడు, కూర్చోబెట్టినా ఊరుకోవట్లేదు. ఇంకా ఏదో కుడుతూనే ఉన్నాయి.”

మామకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దీపాలు ఆర్పబోతే ఆవిడ వద్దంది. వంటింట్లోంచి మరదల్ని పిలిచి, గోడమీది తన చేతుల్ని తన చేత్తోనే చూపించింది.