రెండో కాగు

నా చిన్నప్పుడు, సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టిన రోజు నుంచి మా ఇంట్లో చలికాలం మొదలైనట్టు లెక్క. ఇక ఆ రోజు నుంచి కొన్ని పనులు ఒకదాని వెంట ఒకటి జరిగేవి. నాయనమ్మ అటక మీది బొంతలు దింపించి ఎండలో వేసేది. అమ్మ తోడుపెట్టిన పాలగిన్నెను బియ్యం డబ్బాలో దాచేది. అయినా పొద్దున చూస్తే అవి పాలూ కావు, పెరుగూ కావు. పిల్లలం పగిలిన పెదాలకు రాసిన వెన్నను నాకేసి తిట్లు తినేవాళ్లం. వాకిట్లో మూడురాళ్ల పొయ్యి మీదికి రాగి కాగు ఎక్కేది. ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు అందులోవే.

ఆ కాగుకు ఒక నియమం ఉండేది. ఒక బకెట్టు వేణ్ణీళ్లు ముంచుకున్నవాళ్లు ఒక బకెట్టు చన్నీళ్లు పోయాలి. పోసి, పొయ్యిలోని కట్టెలు కొంచెం లోపలికి నెట్టి పోవాలి. దేన్నయినా వరుసలో పెట్టి చూసుకోవడం నాకు అప్పటి నుంచే అలవాటు. అందుకే ఈ నియమం నన్ను బాగా తికమక పెట్టేది. నేను పోసిన నీళ్లతో నేను స్నానం చేయను, నా తర్వాతివాళ్లు చేస్తారు. నేను చేసేది నా ముందువాళ్లు పోసినవాటితో. పొద్దున్నే అందరికంటే ముందు స్నానం చేసే మా నాన్న, అంటే బాపు, పోసుకునేది నిన్న ఆఖరున ఎవరో పోసిన నీళ్లు. అలా వెనక్కి పోతూ ఉంటే ఆ నీళ్లు ఎవరివో, వాటిని కాచిన కట్టె ఎవరిదో తేలేది కాదు. నాయనమ్మను అడిగితే, "నీళ్లు కాగినయా లేదా? కాగితే పోసుకో. లెక్కలు బడిల చెయ్యి" అనేది.

మా ఇల్లు వరంగల్ కొత్తవాడలో. జంపఖానాలు నేసే ఇల్లు. డెబ్బైల చివర్లో సంగతి ఇది. మా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసేవారు. వెడల్పు జంపఖానాకు ఇద్దరు కావాలి. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఇంకొకరిది. పోగు వేశాక, ఇనుప దువ్వెన లాంటి పంజాతో ఎవరి సగాన్ని వాళ్లు కొట్టి బిగించుకుంటూ రావాలి. ఇద్దరి దెబ్బా ఒక్కతీరుగా పడితేనే చారలు తిన్నగా వస్తాయి. బాపుది బరువు చెయ్యి, చిన్నబాపుది తేలిక చెయ్యి. ఏళ్ల తరబడి ఒకరి చెయ్యి చూసి ఒకరు సర్దుకుంటూ వచ్చారు. ఆ ఏడు దసరా తర్వాత ఒక పెద్ద జంపఖానాను మగ్గం మీంచి కోసి వాకిట్లో పరిస్తే, చారలన్నీ ఒక పక్కకు వాలి ఉన్నాయి. ఆర్డరిచ్చిన సేటు వద్దని పోయాడు.

"పంజా కొడుతానవా, ఎడ్లను అదిలిస్తానవా? అంత బలంగ ఎవరు కొట్టుమన్నరు?" అన్నాడు చిన్నబాపు.

"నువ్వు కొట్టనే లేదు. దానికి జోల పాడినవ్," అన్నాడు బాపు.

తప్పు ఎవరిదో తేలుద్దామని నేను బడి స్కేలు తెచ్చి చారలను కొలిచాను. బాపు వైపు నుంచి కొలిస్తే బాపుది సరిగ్గా ఉండి చిన్నబాపుది తప్పినట్టు వచ్చింది. చిన్నబాపు వైపు నుంచి కొలిస్తే ఆయనదే సరిగ్గా ఉంది. రెండుసార్లూ స్కేలు ఒకటే, కొలిచిన చెయ్యీ ఒకటే. స్కేలు మడిచిపెట్టే వస్తువైతే ఆ రోజు మడిచి పారేసేవాణ్ణి.

ఆ మాటకు మాట పెరిగి, దీపావళికల్లా వంటపొయ్యిలు రెండయ్యాయి. బిందెలు, గంపలు, బొంతలు, మగ్గాలు పంచుకున్నారు. పెద్ద మగ్గం బాపుకు వచ్చింది, కాని దాని మీద ఒక్కడు కూర్చుని చేసేదేమీ లేదు. చిన్నబాపు చిన్న మగ్గాన్ని అవతలి గదిలోకి మార్చుకున్నాడు. మిగిలింది వాకిలి. దాని నడుమ గోడ పెట్టాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ నెలంతా వాళ్లిద్దరూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే. ఒక ఎడ్లబండి ఇటుకలు వచ్చి పొయ్యి పక్కన వరుసగా కూర్చున్నాయి. గోడ లేస్తే చిన్నబాపు వాళ్ల తలుపు వెనక సందులోకి తిరుగుతుంది. చిన్నబాపు బిడ్డ, నా చెల్లె, అప్పటిదాకా నాతో ఒకే బొంత కింద పడుకునేది. గోడ అవతలికి పోయాక కాళ్లు చల్లబడితే ఎవరికి ఆనించాలని అది నన్ను అడిగింది. 

గోడ గీత సరిగ్గా కాగు పొయ్యి మీదుగా పోతోంది. అక్కడే పని ఆగింది. కొత్త రాగి కాగు కొనే స్తోమత ఇద్దరిలో ఎవరికీ లేదు. మా అటక మీద ఇంకో కాగు ఉందని అందరికీ తెలుసు. నాయనమ్మ పెళ్లికి ఆమె తల్లిగారు పెట్టింది. ఎప్పుడూ దించేవారు కాదు.

"అమ్మా, అటుక మీది కాగు నాకియ్యి. నా దిక్కు పొయ్యి పెట్టుకుంట. ఇది అన్న దిక్కు జరుపుకోనీ. నడుమ గోడ లేస్తది," అన్నాడు చిన్నబాపు.

"అది కారుతది," అంది నాయనమ్మ.

"కారితె మాటు ఏపిస్త."

"మా తల్లిగారిచ్చింది బిడ్డా. దానికి మాటు ఏసుడంటే నా నెత్తికి ఏసుడే. నేను పోయినంక ఏపిచ్చుకోరి."

అలా ఆ చలికాలం రెండిళ్లవాళ్లం ఒకే కాగు దగ్గరికి రావాల్సి వచ్చింది. మొదట్లో అదొక రోజువారీ తగాదా. అమ్మ ముంచుకుంటుంటే చిన్నమ్మ గడపలో నిలబడి చూసేది, చన్నీళ్లు నిండుగా పోసిందా లేదా అని. చిన్నమ్మ తెచ్చిన కట్టె పచ్చిదై పొగ వస్తే, అమ్మ ఆ పొగకు అవసరమైన దానికంటే ఎక్కువ దగ్గేది. నాయనమ్మ మాత్రం పొయ్యి ముందు పీట మీద కూర్చుని, బూడిదలో కందగడ్డలు పూడ్చి, తనకేమీ వినబడనట్టు ఉండేది.

బాపు, చిన్నబాపు కూడా వేపపుల్లలు నములుతూ ఆ పొయ్యి దగ్గరికే చలి కాచుకోవడానికి వచ్చేవారు. చెరొక ఇటుక తీసుకుని, పొయ్యికి చెరో పక్క కూర్చునేవారు. ఒకరితో ఒకరు మాట్లాడరు. నేను నడుమ ఉండాలి.

"మీ చిన్నబాపుకు చెప్పు, కట్టె బయటికి వచ్చింది, జర లోపటికి నూకుమను," అనేవాడు బాపు.

"నాకు కండ్లున్నయని మీ బాపుకు చెప్పు," అనేవాడు చిన్నబాపు, కట్టె నెడుతూ.

నేను ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు. చెప్పాల్సిన మాట నేను నోరు తెరవకముందే చేరిపోయేది. మరి నేనెందుకు నడుమ? అడిగితే ఇద్దరూ కసిరేవారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరి గొంతూ ఒకేలా ఉండేది.

ఒక పొద్దున చిన్నబాపు తన అరచేతిని మంటకు పెట్టి చూసుకుంటున్నాడు. పంజా పట్టే చెయ్యి, చలికి పగిలి గీతల్లో నెత్తురు కనిపిస్తోంది. బాపు లేచి లోపలికి పోయి, గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా తెచ్చి, పొయ్యి దగ్గరి ఇటుక మీద పెట్టి స్నానానికి పోయాడు. సీసాను తన వైపు పెట్టలేదు, చిన్నబాపు వైపు పెట్టాడు. కాసేపటికి నూనె కరిగింది. చిన్నబాపు ఆ సీసాను చాలాసేపు చూసి, చివరికి అరచేతిలో ఒంపుకున్నాడు.

సంక్రాంతి దాటాక మేస్త్రీ వస్తానని కబురు చేశాడు. ఆ వారమే ఒక పూట నాయనమ్మ ఇంకో బొంత దించమని నన్ను అటక ఎక్కించింది. బొంతల వెనక బోర్లించి ఉంది రెండో కాగు. అది ఎక్కడ కారుతుందో చూడాలనిపించింది. వెలుతురు వైపు తిప్పి, తల లోపల పెట్టి చూశాను. చిల్లు ఉంటే సూది మొనంత వెలుగైనా కనబడాలి. కనబడలేదు. కిందికి దించి, రెండు ఇటుకల మీద నిలిపి నీళ్లు పోసి, అడుగున చెయ్యి పెట్టి ఆగాను. చెయ్యి పొడిగానే ఉంది. నాయనమ్మ చూస్తూనే ఉంది.

"నాయనమ్మా, ఇది కారుతలేదు!"

"నీకు కారుతలేదు. నాకు కారుతాంది," అంది, బొంత దులుపుకుంటూ.

ఎవరికీ చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు. నీళ్లు పారబోసి, పైన పెట్టేయమంది. ఒక పాత్ర ఒకరికి కారి ఇంకొకరికి కారకుండా ఎలా ఉంటుందో ఆ రాత్రి ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నేను చూసింది చూసినట్టు చెబితే గోడ లేస్తుంది, చెల్లె అవతలికి పోతుంది. అంతవరకు మాత్రం అర్థమైంది.

మేస్త్రీ రావాల్సిన రోజు పొద్దున చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి అందరి ముందూ అడిగింది. "ఆ కాగు కారుతాందని ఒక్కలన్న చూసిండ్రా? ఉట్టి మాటేనా? దించి చూడురి."

 బాపు అటక ఎక్కి కాగు దించాడు. బావి పక్కకు తీసుకుపోయి నీళ్లు పోశాడు. వీపు మావైపు ఉంది, ఏం చూశాడో కనబడలేదు. కాసేపటికి నీళ్లు కుమ్మరించి తిరిగాడు.

"నిజమే. కారుతాంది," అన్నాడు.

నేను నోరు తెరిచాను. నా చూపుడువేలు కూడా కాగు వైపు లేచింది. నాయనమ్మ నావైపు చూడనైనా చూడలేదు, కందగడ్డ తొక్క తీస్తోంది.

"అట్లెట్ల? నువ్వు కూడ చూసి రా," అని చిన్నమ్మ చిన్నబాపును తోసింది. బాపు మాట మీద నమ్మకం లేకనే చిన్నబాపు విసురుగా వచ్చాడు. కాగు పట్టుకోవడానికి నన్ను రమ్మన్నాడు. చెరో అంచు పట్టుకుని, సగం దాకా నింపి, పైకి ఎత్తాం. చిన్నబాపు వంగి అడుగు చూశాడు. చెయ్యి పెట్టాడు, నూనె రాసుకున్న ఆ చెయ్యే. ఒక్క చుక్క లేదు. నేను చూశాను, ఆయన చూశాడు. ఆయన నన్ను చూశాడు. తర్వాత ఇటుకల మీదున్న నూనె సీసా వైపు చూశాడు. మెల్లగా కాగును వంచి నీళ్లన్నీ పారబోశాడు. అంచు మీంచి జారిన నీళ్లు బయట చుట్టూ పారి అడుగంతా తడిసింది.

"కారుతాంది," అన్నాడు.

 చిన్నమ్మ నా దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుంది. "నువ్వు అబద్ధమాడవు. నువ్వు చెప్పు బిడ్డా. కారుతాందా?"

బాపు, చిన్నబాపు ఇద్దరూ నావైపు చూస్తున్నారు. వెతికి వెతికి, నేను ప్రమాణం చేసి చెప్పగలిగిన ఒక్క మాట పట్టుకున్నాను.

"అడుగుకు తడి ఉన్నది చిన్నమ్మా."

చిన్నమ్మ కాగు అడుగు తడిమింది. తడి చేతిని కొంగుకు తుడుచుకుని నా ముఖం, చిన్నబాపు ముఖం మార్చి మార్చి చూసింది. "తడున్నదట," అని నవ్వాలో కోప్పడాలో తెలియనట్టు ఒక శబ్దం చేసి లోపలికి పోయింది. ఆమెకు తెలిసిందని నాకు అప్పుడే అనిపించింది. మేస్త్రీ వచ్చాడు. చలి పోయినంక చూద్దామని చెప్పి, ఒక కందగడ్డ చేతిలో పెట్టి పంపించారు. చలి పోయినంక చూద్దామన్న ఆ మాట బాపు మొదట చిన్నబాపుతో అన్నాడు, నన్ను నడుమ పెట్టకుండా.

చలి పోయింది, మళ్లీ వచ్చింది. ఇటుకలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కొన్ని కూర్చోవడానికి పీటలయ్యాయి, కొన్ని స్నానాల దగ్గర బురద కాకుండా పరుచుకున్నాం, ఒకటి మంచం కోడు కిందికి పోయింది. చివరికి గోడకు సరిపడా మిగల్లేదు. అలాగని అంతా మునుపటిలా అయిందని చెప్పలేను. బాపు, చిన్నబాపు మళ్లీ ఎన్నడూ ఒక మగ్గం మీద కూర్చోలేదు. వంటలు రెండుగానే ఉండిపోయాయి. నీళ్లు మాత్రం ఒకే పొయ్యి మీద కాగాయి.

నేను పెద్ద చదువు చదివి, ట్యాంకులు పరీక్షించే ఉద్యోగంలో చేరాను. అక్కడ పని పద్ధతి, ఆ రోజు బావి దగ్గర మేము చేసిందే. నింపాలి, ఆగాలి, అడుగున చెయ్యి పెట్టి చూడాలి. కారుతుంది, లేదా కారదు. మూడో జవాబు లేదు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా తప్పు జవాబు రాయలేదు. కాని ముగ్గురు పెద్దవాళ్లు ఆ రోజు చెప్పినదాన్ని అబద్ధమనాలో ఇంకేమనాలో ఇప్పటికీ నాకు తేలలేదు. ఇంట్లో మాత్రం, చూసింది చూసినట్టు చెప్పబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ మాట తీసుకుని ఎవరు ఎక్కడ ఇటుక పెడతారో చూసుకుంటాను.

రెండో కాగు ఇప్పుడు మా అటక మీద ఉంది. ఇల్లు దులిపినప్పుడల్లా మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత మంచి కాగును వాడకుండా ఎందుకు పెట్టారని అడుగుతుంది.

"కారుతది," అంటాను.