తాగని మందు

మణుగూరులో ఒక జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్తాను. కణత్వచం పాఠం ఏటా వస్తుంది. కణం చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుందని, ఉప్పు, చక్కెర లాంటివి దాన్ని దాటాలంటే ప్రత్యేకమైన దారులు కావాలని, నూనెలో కరిగేవి మాత్రం ఆ కొవ్వులోనే కరిగి నేరుగా లోపలికి పోతాయని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షలో వస్తే రెండు మార్కులు.

నా తమ్ముడు చాలాకాలం బొగ్గు లారీ నడిపాడు. దుమ్ము పడక ఆ పని మానేసి, ఊళ్లో నాన్న వదిలి వెళ్లిన చేనులో మిర్చి వేశాడు. చేను గట్టు దాటితే ఇక అంతా అడవే. తమ్ముడు మాటలు పొదుపుగా ఆడే మనిషి, కానీ బట్టల మీద మహా శ్రద్ధ. చేనుకు పోయినా ఇస్త్రీ చొక్కానే. "మిర్చికి పెండ్లిచూపులు ఉన్నయంట వదినా" అని మరదలు నాతో నవ్వేది.

ఆ ఏడు పూత మీద నల్ల తామర పురుగు పడింది. పువ్వులో చూస్తే నల్లటి నూకల్లా కదులుతుండేవి. మందు మీద మందు కొట్టారు అందరూ. ఒక ఆదివారం నేను ఊరికి వెళ్లేసరికి తమ్ముడు పొద్దుటి నుంచీ చేనులోనే ఉన్నాడని మరదలు చెప్పింది. మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"చెమటనా?" అని అడిగాను.

"వీపు మీది పంపు మూత కాడ కారుతుందక్కా. మధ్యల గోనెసంచి పెట్టిన గని అది గూడ నానింది."

"మరి ఆపకపోయినవా?"

"సగం చేను కొట్టి సగం ఆపితే పురుగు ఇటుది అటు పోతది."

కాళ్లూ చేతులూ కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని పళ్లెం జరిపేశాడు. తల బరువుగా ఉందన్నాడు. కాసేపటికి నోటి నుంచి చొంగ కారడం మొదలైంది, తుడుచుకున్నా ఆగలేదు. కనురెప్పలు, జబ్బల కండలు వాటంతట అవే అదురుతున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే కంటిపాపలు చుక్కంత అయిపోయాయి. "నువ్వు మసక మసకగ కనబడ్తున్నవక్కా" అన్నాడు. మందు ఒంట్లోకి దిగిందని నాకప్పుడు తెలిసింది. చొక్కా విప్పించమని మరదలికి చెప్పి అంబులెన్సుకు ఫోన్ చేశాను.

దవాఖానాలో చిన్న వయసు డాక్టరు, నాడి చూస్తూనే అడిగాడు. "ఎంత తాగిండు?"

"తాగలే సార్. చేనుకు కొట్టిండు" అంది మరదలు.

"డబ్బా తెచ్చిన్రా? ఎంత తగ్గిందో చూస్తే తెలుస్తది."

"తాగలే సార్" అని ఆమె మళ్లీ అదే మాట అంది.

నేను తమ్ముణ్ని పక్కకు తిప్పాను. భుజాల నుంచి నడుము దాకా చర్మం ఎర్రగా కమిలి ఉంది. డాక్టరు వంగి వాసన చూశాడు. "నిజమే మేడం. కానీ ఇక్కడికి తెచ్చేవాళ్లందరూ తాగలేదనే చెప్తరు" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ముందు ఒళ్లు కడగమని ఒక బకెట్టు, సబ్బు ఇప్పించాడు. గ్లౌజులు తొడుక్కుని నేనూ మరదలూ వీపు కడిగాం, మెడ కడిగాం, జుట్టు కడిగాం. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా జుట్టులోంచి ఆ వాసన వస్తూనే ఉంది.

అక్కడి నుంచి ఖమ్మం పంపారు. ఖమ్మంలో మర్నాటికి తేరుకున్నాడు. నోరు ఎండిపోతోందని నీళ్లడిగాడు, మరదలి మీద విసుక్కున్నాడు. కానిస్టేబులు వచ్చి ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగితే, "ఏం లేవు సార్. పంపు కారింది" అన్నాడు. ఆయన మరదల్ని వరండాలోకి పిలిచి అదే సంగతి ఇంకో రకంగా అడిగాడు. ఆమె తిరిగి వచ్చి మంచం పక్కన కూర్చుంది. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని, "నేను చెప్పిన గద" అన్నాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున చాయ్ తాగించడానికి లేపబోతే తల దిండు మీది నుంచి లేవలేదు.

"అక్కా, మెడ నిలబడ్తలేదేందే?"

డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఈ మందుతో కొందరికి ఇట్లా అవుతుందని, బాగైనట్టే కనబడి కండరాలు పడిపోతాయని, ఊపిరి తీసే కండరాలు కూడా అందులోవేనని చెప్పారు. వెంటిలేటరు పెట్టారు. చివరిదాకా మా మాటలు వింటున్నట్టే అనిపించింది, మరదలు పిలిస్తే కంటి కొసల నుంచి నీళ్లు కారేవి. వారం తిరగకుండానే పోయాడు.

ఊళ్లో అందరూ వచ్చారు, ఏడ్చారు. అడిగినవాళ్లు మాత్రం ఒక్కటే అడిగారు. ఆడవాళ్లు మరదల్ని పక్కకు తీసుకుపోయి, "మాతోటి చెప్పరాదే, ఏం గొడవైంది?" అన్నారు. చెప్పీ చెప్పీ ఆమె మాట్లాడడం మానేసింది. మాట్లాడకపోయేసరికి వాళ్లు అనుకున్నదే ఖాయమైంది.

కర్మ రోజున పెదనాన్న నన్ను దొడ్లోకి పిలిచాడు. "బిడ్డా, నాకన్న నిజం చెప్పు. తాగిండు గద?"

నేను పాఠం చెప్పినట్టే చెప్పాను. చర్మం గోడ కాదని, దానిలో కొవ్వు ఉంటుందని, ఆ మందు కొవ్వులో కరుగుతుందని, నోట్లో పోసుకోకపోయినా పొరలు దాటుకుంటూ రక్తంలో కలుస్తుందని. పెదనాన్న అంతా విన్నాడు.

"తోలు మీద పడితే సస్తరా? ఊరు ఊరంత కొడ్తనే ఉన్నం గద" అన్నాడు.

తమ్ముడు తాగాడనుకుంటే అది మా ఇంటి గొడవతో ఆగిపోతుంది. తాగలేదని నమ్మితే మర్నాడు ఎవరూ పంపు ఎత్తలేరు. చేన్ల నిండా పూత ఉంది.

ఆ సాయంత్రం మరదలు తన అరచేతులు నా ముందు పెట్టింది. "ఆయన అంగి నేనే విప్పిన గద వదినా. నాకు గూడ లోపలికి పోయిందా?"

"కొంచెం పోయి ఉంటది. ఒళ్లు దాన్ని మెల్లగ బయటికి పంపుతది. నీకేం కాదు" అన్నాను.

"పోతే పోనీలే" అంది.

తెల్లవారి నేను బస్సు కోసం చేను గట్టు మీదుగా నడుస్తున్నాను. పక్క చేనులో పెదనాన్న బనీను మీద పంపు వేసుకుని మందు కొడుతున్నాడు. గాలి ఎదురుగా ఉంది, తుంపర వెనక్కి అతని మీదికే వస్తోంది. ఆగి, చొక్కా అయినా వేసుకొమ్మని పిలిచాను.

"అయిపోవచ్చింది బిడ్డా, నువ్వు దూరం జరుగు" అన్నాడు.