రేకుల బావ కందిరీగ

మా అక్క మొగుణ్ణి అందరూ రేకుల మేస్త్రీ అంటారు. నేను రేకుల బావ అంటాను. మరదలికి ఆ మాత్రం చనువు లేకపోతే ఇంకెందుకు? గరాటు, బకెట్టు, పొగగొట్టం, రేకుతో అయ్యేది ఏదైనా సరే నలభై ఏళ్లుగా చేతి కత్తెరతోనే కోశాడు. ఆయన దుకాణానికీ నా కుట్టు దుకాణానికీ మధ్య ఒక్కటే గోడ. ఆ కత్తెర కర్రుక్ కర్రుక్‌మంటుంటే పని జరుగుతున్నట్టు, ఆగిందంటే టీ వచ్చినట్టు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పైగా నా వృత్తి అంటే ఆయనకి వేళాకోళం. "గుడ్డ కొయ్యడం కూడా ఒక కోతేనా? పంటితో లాగినా చిరుగుతుంది" అని ఇరవై ఏళ్లుగా నన్ను ఏడిపిస్తున్నాడు.

కిందటేడు ఆ చప్పుడు మారింది. రెండు కోతలకొకసారి ఆగుతోంది. ఇంట్లో ఏ సీసా మూత బిగుసుకున్నా అక్క ఆయన చేతికిచ్చేది. ఒకరోజు ఆయనే ఒక సీసా తెచ్చి, "ఇది కాస్త తియ్యవే, నాకు అవతల పనుంది" అన్నాడు. అక్క మూత తీసి ఇచ్చి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. బొటనవేలి కీలు అరిగిపోయింది, ఇక కత్తెర పట్టొద్దని డాక్టరు చెప్పాడట. బావ ఆ మాటని డాక్టరు గదిలోనే వదిలేసి వచ్చాడు.

అక్కా నేనూ కలిసి బ్యాటరీతో నడిచే రేకు కత్తెర కొన్నాం. వైరుండదు, మీట నొక్కితే చాలు, రేకు కోసుకుంటూ పోతుంది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది. మనవడు పుడితే ఆడుకుంటాడు."

"అమ్మాయికి ఇంకా పెళ్లే కాలేదండీ" అంది అక్క.

"అందుకే తొందరేం లేదు" అని దాన్ని అటకెక్కించాడు.

ఇంతలో వీధి చివర రొట్టెల బట్టీ నడిపే ఆయన వచ్చాడు. కొత్త పొయ్యికి మూతలున్న డబ్బాలు పన్నెండు కావాలట, అదీ శుక్రవారానికల్లా. "మీ చేతి పనే కావాలి మేస్త్రీ గారూ. ఫ్యాక్టరీ సరుకైతే బజార్లో దొరకదా?" అన్నాడు. ఆ 'చేతి పని' అన్న మాట బావ మెడకు చుట్టుకుంది. ఈ పని తప్పితే దుకాణం మూసేస్తానని అక్కతో అన్నాడట. మామూలుగా అయితే బెదిరింపు అనుకునేవాళ్లం. ఈసారి ఆయన నిజంగా భయపడ్డాడు.

డబ్బాలన్నీ పళ్లు బిగబట్టి చేతి కత్తెరతోనే కోశాడు. దానికే నాలుగు రోజులు పట్టింది. ఇక మూతలు మిగిలాయి. బుధవారం పొద్దున గోడ అవతల కర్రుక్ లేదు. షట్టరు సగం దించి ఉంది, లోపల గుర్ర్‌మని ఒకటే రొద.

"బావా, ఏంటా చప్పుడు?"

"కందిరీగ!"

"మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటోందే?"

"నీ మిషను నువ్వు తొక్కుకో!"

ఆయన దుకాణంలో ఉన్న ఒక్క ప్లగ్గూ ఫ్యానుకే సరి. మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి నా ప్లగ్గులో ఛార్జరు, దాని మీద నేను కత్తిరించి పెట్టుకున్న చొక్కా ముక్క. ఆ ముక్కలోంచి ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. అక్కకి చెబితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇద్దరం ఏమీ ఎరగనట్టే ఉన్నాం.

సాయంత్రం షట్టరు కింద నుంచి తొంగి చూశాను. నేలంతా చుట్టలు తిరిగిన సన్నటి రేకు పట్టీలు, పండు తొక్క తీసి పడేసినట్టు. ఒకటి తీసి చూశాను. రెండు అగ్గిపుల్లలంత వెడల్పుంది. సంగతి నాకు వెంటనే బోధపడింది. చేతి కత్తెర గీత మీద నడిస్తే రేకు రెండు ముక్కలవుతుంది, అంతే. ఈ కందిరీగ అలా కాదు, నడిచినంత మేరా ఒక పట్టీని తినేస్తుంది. బావేమో నలభై ఏళ్ల అలవాటు కొద్దీ సరిగ్గా గీత మీదే నడిపిస్తున్నాడు.

"బావా, ఆ గీత కాస్త బయటికి..."

"గుడ్డలు కోసేవాళ్లు రేకుకి సలహాలా?"

నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు మూసుకుని వచ్చేశాను. తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను.

గురువారం సాయంత్రం అక్కా నేనూ టీ పట్టుకెళ్లేసరికి, మూతల అంచులు మడిచి, మూలలు అతికి, మొదటిది డబ్బా మీద పెడుతున్నాడు. అది ఠంగుమని డబ్బా లోపల పడింది. రెండోదీ ఠంగ్. పన్నెండూ పెట్టి చూశాడు, ఒక్కటైనా మొహమాటపడి ఆగుతుందేమోనని. నాకు నవ్వు ఆగలేదు. అప్పుడు ఆయన ముఖం చూశాను.

"చెయ్యే అనుకున్నాను. కన్ను కూడా పోయింది" అన్నాడు అక్కతో. "మూసేద్దామే."

"నీ కన్నుకేం కాలేదు బావా, నా నోటికే రోగం" అని పట్టీ ఆయన చేతిలో పెట్టి మొత్తం చెప్పేశాను. "కుట్టుకి వదిలినట్టే కోతకీ వదలాలి."

"తెలిసి కూడా చెప్పలేదా?"

"చెప్పబోతే గుడ్డలన్నావుగా!"

అక్క టీ గ్లాసులు ఠపీమని కింద పెట్టింది. "మీ ఇద్దరి పంతాలూ ఆ డబ్బాల్లో వేసి మూత పెట్టండి!"

"పట్టే మూతేదీ?" అన్నాడు బావ. ముందు ఆయనే నవ్వాడు.

నా సుద్దముక్క తెచ్చి, పట్టీలో సగం వెడల్పు వదిలి, కొత్త రేకు మీద ఆయన గీతకి బయట ఇంకో గీత గీశాను. ఆయన దాన్ని తన స్కేలుతో రెండుసార్లు కొలిచాడు. తప్పు దొరక్క కాస్త నిరాశపడ్డాడు కూడా. శుక్రవారం తెల్లారగానే షట్టరు పూర్తిగా ఎత్తి, వీధిలో పోయేవాళ్లందరూ చూస్తుండగా పన్నెండు మూతలూ కోశాడు.

రొట్టెల ఆయన వచ్చి ఒక మూత నొక్కాడు. టప్పున కూర్చుంది.

"చూశారా, ఎంతైనా చేతి పని చేతి పనే!"

బావ చేతులు తుడుచుకున్నాడు.

"డబ్బాలు చేత్తోనేనండీ. మూతలు మాత్రం దీంతో. నా వేళ్లు ఇంక కత్తెర పట్టవు."

ఇన్నేళ్లలో బావ నోట 'నా వల్ల కాదు' అన్న అర్థం వచ్చే మాట వినడం అదే మొదలు. అక్క నా చెయ్యి పట్టుకుంది. రొట్టెల ఆయన ఆ యంత్రాన్ని ఒకసారి చూసి, ఇంకో మూత నొక్కాడు.

"దానికేముందండీ. పదేళ్ల నుంచి మా పిండి కూడా మిషనే కలుపుతోంది."

"మరి మీ బోర్డు మీద 'చేతి రొట్టెలు' అని ఉంటుందే?" అన్నాను.

"బోర్డు మా నాన్న రాయించింది" అన్నాడు. "మేస్త్రీ గారూ, ఇంకో పన్నెండు చెయ్యండి."

పట్టని మూతలు పన్నెండూ అక్క పూలకుండీల కింద పెట్టుకుంది. మధ్యాహ్నం నేనింకా భోజనానికి లేవకముందే బావ నా దుకాణంలోకి వచ్చాడు. బ్యాటరీ అరచేతిలోనే ఉంది. నా కళ్ల ముందే ఛార్జరుకి తగిలించి ప్లగ్గులో పెట్టాడు. దాని మీద ఏమీ కప్పలేదు. చంకలో ఉన్న కొత్త రేకు తీసి, నా గుడ్డల మధ్య చోటు చేసుకుని, బల్ల మీద పరిచాడు.

"ఏమ్మా, ఎంత వదలమన్నావ్?" అన్నాడు.

నేను సుద్దముక్క తీశాను.