పేరు పిలిస్తే పలికినవాళ్లు

“ఇంట్లో లేని సరుకు రాసుకుంటారు గానీ, ఉండే సరుకును ఎవురన్నా రాసిపెట్టుకుంటారా అత్తా? ఉప్పు ఇంత, చింతపండు ఇంత, ఎండుమిరపకాయలు ఇన్ని... ఇది ఇల్లా, అంగడా?”

“లేనిదాన్ని కడుపే గుర్తు చేస్తాది. ఉండేది రాసిపెట్టుకుంటేనే పోయింది తెలిసేది. ఆ బుద్ధి నీకుంటే ఫ్రిజ్జులో దోసపిండి పులిసి నురగలు కక్కేదా?”

“అయితే దోసపిండికి ఒక కావిలోన్ని పెడదాంలే. నీ కొడుక్కి చెప్పి జమియా నుంచి ఒక తాళం కూడా తెప్పిస్తా.”

“తాళం ఎందుకుమే, కాగితం చాలు. తాళాలు పగలగొట్టేవాళ్లను చూసినా నేను, ఈ ఊళ్లోనే.”

ఇది మొన్న నాకూ నా కోడలికీ జరిగిన పంచాయితీ. అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో మేస్త్రీగా ఉన్న నా కొడుకు, కువైట్లో నాలుగు నెలలు ఉండిపొమ్మని నన్ను పిలిపించుకున్నాడు. కోడలు చెడ్డది కాదు, డిగ్రీ చదివింది, జమియాకు, అంటే ఇక్కడి సహకార దుకాణానికి, పోయేటప్పుడు కావలసినవి ఫోనులో రాసుకుంటుంది, కొన్నది కొన్నట్టు వేలితో తాకితే అది మాయమైపోతుంది. నేను చదివింది మూడో తరగతి. నా చీటీలో అయిపోయిన వస్తువు మీద అడ్డగీత పడుతుందే తప్ప మాయం కాదు, గీత కింద అది కనబడుతూనే ఉండాలి. తాళాల మాట నోరు జారి అన్న తర్వాత, ఏం చూశావత్తా అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. చెప్పలేదు. నా ఈడు వాళ్లకైతే సగం చెప్పినా తక్కిన సగం తెలుస్తుంది గనుక, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

వానలు లేక శనక్కాయ పంట వరసగా పోయిన కాలంలో, ఇంటాయన్నూ ఇద్దరు పిల్లలనూ రాయచోటి పక్క మా పల్లెలో వదిలి, ఇంటిపనికి ఈ దేశం వచ్చాను. నన్ను పెట్టుకున్న ఇంట్లో యజమానురాలు, పనివాళ్లం ఆమెను మామా అనే పిలవాలి, ఆమె భర్త, పిల్లలు, భర్తకు తల్లి అయిన ముసలామె, ముసలామె చిన్న కొడుకు, అప్పటికింకా పెళ్లికానివాడు, ఉండేవాళ్లు. ముసలామెను ఆ ఇంట్లో అందరూ యుమ్మా, అంటే అమ్మా, అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. చూపు దాదాపు పోయింది, చెవులు మాత్రం చీమ నడిచినా పట్టేవి.

ఆ ఏడు ఎండలకు మామా వాళ్లు చల్లటి దేశానికి బయలుదేరారు. యుమ్మాకు విమానమంటే పడదు, చిన్న కొడుక్కి తల్లిని విడిచిపోవడం పడదు. పోయేముందు మామా నన్ను కూర్చోబెట్టి, ఇల్లంతా ఒక్కొక్క వస్తువే చెబుతూ నా చేత నా భాషలోనే రాయించింది. బియ్యం మూటలు, తివాచీలు, వెండి కాఫీ కూజాలు, అలమరల తాళాలు, చలికాలం దుప్పట్లు. దుప్పట్ల తర్వాత ఒక క్షణం ఆగి, యుమ్మా అంది. నేను యుమ్మా అని కూడా రాశాను. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. మా పల్లెల్లో పెళ్లికి గంగాళాలు, గుండిగలు ఇచ్చేవాళ్లు చీటీ రాయించి ఇస్తారు, తిరిగి అప్పజెప్పేటప్పుడు ఒక్క గరిటె తక్కువైనా పెళ్లికూతురు బండెక్కినా వచ్చి ఆపుతారు. మా మేనత్త పెళ్లిలో అట్లాగే ఆపారు, కొత్త చీరతో ఆమె బండి మీద, గరిటె కోసం మేమంతా గడ్డివాములో. అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క, చీటీ ప్రకారం తీసుకున్నదాన్ని చీటీ ప్రకారం అప్పజెప్పాలి.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకే ఒక తెల్లవారి ఇరాకు సైన్యం వచ్చిపడింది. యుమ్మా చిన్న కొడుకు తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, మళ్లీ వస్తానని చెప్పి స్నేహితులతో వెళ్లాడు. రాలేదు. మామా దగ్గరి నుంచి ఫోను రాలేదు. మా వీధిలో ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది, కాని ఖాళీ అయినట్టు తెలిసేది కాదు. ఏసీలు ఆపకుండా పోయారు గనుక, మనుషుల్లేని ఇళ్లన్నీ పగలంతా బుసలు కొడుతూనే ఉండేవి. మేడల మీద ఆరేసిన బట్టలు తీసేవాళ్లు లేక ఎండకు బిగుసుకుపోయి, గాలికి ఊగకుండా అట్లాగే నిలబడేవి. ఎదురింట్లో ఫోను మోగితే ఎవరైనా తీస్తారేమోనని నేను చేతిపని ఆపి వినేదాన్ని. ఎవరూ తీయకపోవడం కంటే, ఎవరైనా తీస్తారేమోననే నాకు భయం.

అప్పుడే మా కడప జిల్లా కోడూరు నుంచి వచ్చిన ఒకామె మా గేటు తట్టింది, కోడూరామె అనేదాన్ని. పనిచేసే ఇంటి నుంచి అంతకుముందే పారిపోయి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కాగితం, లేకుండా బతుకుతున్న మనిషి, అట్లాంటి వాళ్లను ఇక్కడ కల్లివల్లి అంటారు. పాలు మాన్పించిన కూతుర్ని తల్లికప్పగించి వచ్చిందంట. చీటీలో లేని మనిషిని ఇంట్లో పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయినా, తెలుగు మాట విని తలుపు వేయలేకపోయాను.

యుమ్మా ఆ రోజుల్లో ఒక పద్ధతి పెట్టింది. మధ్యాహ్నం అన్నం పళ్లెం కింద పెట్టగానే, చేయి వేయకముందు, పెద్దకొడుకు మొదలుకొని ఇంటివాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటే పిలిచేది. పిలిచి ఆగేది. ఎవరూ పలక్కపోతే రెండోది పిలిచేది కాదు, అన్నమూ ముట్టేది కాదు. చివరికి ఆ పేరు తరపున నేనే ‘హాదిర్’ అనడం మొదలుపెట్టాను. మన బడిలో అయ్యవారు పేరు పిలిస్తే చెప్పే హాజరు మాటే అది. పలికితే తల ఊపి రెండో పేరుకు పోయేది. మొదట్లో ముసలామెకు తిండి పోతుందని పలికాను. రానురాను, పలక్కపోతే ఆ మనిషికి ఏదైనా అవుతుందేమోనన్న దిగులు నాకే పట్టుకుంది. పిల్లల పేర్లకు పిల్లల గొంతు వచ్చేది నా నోట్లో నుంచి, కావాలని కాదు. కోడూరామె వంటింటి తలుపు దగ్గర నిలబడి, నువ్వు పలుకుతాంటే నాకు ఒళ్లు జలదరిస్తాదక్కా, ఆపు అనేది. చివరగా యుమ్మా నా పేరు పిలిచేది. అప్పటికి నా గొంతు ఏదో నాకే వెతుక్కోవలసి వచ్చేది.

ఒక మధ్యాహ్నం అన్నాలైన కాసేపటికి సైనికులు వచ్చారు. కోడూరామె సామాన్ల గదిలో బియ్యం మూటల వెనక దాక్కుంది. వాళ్లలో పెద్దవాడు మర్యాదగానే మంచినీళ్లు అడిగి తాగి, జేబులో నుంచి ఒక కాగితం తీశాడు. చదవడం మొదలుపెట్టాడు. అవే పేర్లు. పెద్దకొడుకు పేరు చదివి ఆగాడు, అచ్చం యుమ్మా ఆగినట్టే. నా నాలుక అప్పటికే లేచింది, హాదిర్ అన్న మాట పళ్ల దాకా వచ్చింది, రక్తం వచ్చేలా కొరుక్కున్నాను. చిన్న కొడుకు పేరు చదివినప్పుడు మిగతా వాటికంటే ఎక్కువసేపు ఆగాడు. ఆ ఆగిన దాంట్లో, మేడ మీద నుంచి ఎవరో పలికినట్టు నాకు వినబడింది. సైనికులు కదలలేదు, వాళ్లకు వినబడినట్టే లేదు. యుమ్మా చేతిలో తిరుగుతున్న జపమాల మాత్రం ఆగింది.

వాళ్లు కాగితం మడిచి వెళ్లిపోయాక మేడంతా వెతికాను. ఎవరూ లేరు. మర్నాడు అన్నం ముందు యుమ్మా అందరి పేర్లూ పిలిచి ఆ ఒక్క పేరు వదిలేసింది. మరిచిపోయిందేమోనని నేను గుర్తు చేస్తే, వాడు నిన్న పలికాడు కదా అంది. అని అన్నంలో చేయి పెట్టింది.

ఆ తర్వాతే మనవాళ్లను బస్సుల్లో జోర్డాను దాకా పంపి, అక్కడి నుంచి విమానాల్లో ఇంటికి చేరుస్తున్నారని కబురు తెలిసింది. షుఐబాలో ఇంజనీరుగా పనిచేసే ఒక బెజవాడ సారు ఒక భవనం కింద బల్ల వేసుకుని పేర్లు రాస్తున్నాడని విని, కోడూరామెను వెంటబెట్టుకుని పోయాను. అందరి పాస్‌పోర్టులూ కఫీళ్ల, అంటే పనికి పిలిపించుకున్న యజమానుల, బీరువాల్లో ఉన్నాయి, సారు రాసే కాగితమే అందరికీ పాస్‌పోర్టు. నా పేరు చెప్పాను. భర్త పేరు అన్నాడు. మా వైపు ఆడవాళ్లం ఇంటాయన పేరు నోట పలకం, చస్తామన్నా పలకం. వెనక జనం తోసుకుంటున్నారు, సారు కలం పట్టుకుని చూస్తున్నాడు. మా ఇంటి నుంచి వచ్చిన కవర్ల మీద చూసిన గుర్తుతో కోడూరామే ఆ పేరు చెప్పింది.

“మరి నీ పేరేంటమ్మా?” అన్నాడు సారు ఆమెను.

“నాకు పేరు లేదు సారూ.”

“పేరు లేనోళ్లకి బస్సులో సీటూ లేదమ్మా, తర్వాత నా మీద పడి ఏడిస్తే నేనేం చెయ్యలేను.”

ఆమె పైన కప్పుకున్న నల్ల అబాయా మొహం మీదికి లాక్కుని బయటికి పోయింది. కాగితంలో పేరు పడితే పోలీసులకు దొరుకుతానన్న భయం, పారిపోయి బతికిన వాళ్లందరికీ ఉండేదే. పోలీసులే లేరు కదమ్మా ఇప్పుడు అని దారంతా చెప్పాను. ఆమెకు అది తలకెక్కేసరికి ఆ జాబితా మూసేశారు, ఇంకొకటి ఎప్పుడు తెరుస్తారో సారుకే తెలియదన్నారు.

ఇక నా సంగతి. వీధి చివర యుమ్మా చెల్లెలి కూతురు ఉంటుంది, ఇంటినీ ముసలామెనూ ఆమెకు అప్పజెప్పి పోదామని మామా రాయించిన చీటీ తీసుకుని బస్సుకు ముందురోజు వాళ్లింటికి పోయాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తాళం పగిలి గడప మీద పడి ఉంది. లోపల ఏసీ తిరుగుతోంది, బల్ల మీద గ్లాసులో టీ ఎండి మరకయింది. పిలిచాను. గదులన్నీ తిరిగి పిలిచాను. నా పిలుపు నాకే వెనక్కి వచ్చింది. చీటీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను, తీసుకునేవాళ్లు లేనప్పుడు అప్పజెప్పడమనేది ఉండదు.

తిరిగొచ్చి, నేను పోవడంలేదని కోడూరామెతో చెప్పాను. పిల్లలు గుర్తొస్తే, మొహం ఆమెకు కనబడకుండా గిన్నెల వైపు తిరిగాను.

“ఒక ముసిల్దాని కోసం మొగుణ్ణీ పిల్లోల్లనూ ఇడిసిపెడతావాక్కా? ఆమె నీకేమైతాది?”

“ఏమీ కాదు. నాకు రాసిచ్చినారు, అంతే.”

“అట్లయితే నీ సీటు ఉత్తగ పోతాది గదా. ఎండిన రొట్టె కూడా పారెయ్యవే నువ్వు, బస్సులో సీటు పారేస్తావా?”

ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. రేపు నా పేరు పిలిచినప్పుడు హాజరు అను, ఇంకొక్క మాట మాట్లాడొద్దు, ఇంటికి పోయినాక మావాళ్లకు ఉన్నది చెప్పి నా పేరు నాకు పంపించు అన్నాను. ఆమె నా కాళ్లు పట్టుకోబోతే, లేచి గిన్నెలు కడుగు, నీళ్లు సన్నగా వదులు అన్నాను.

తర్వాత జరిగింది కూడా చెప్పేస్తాను. చేరినవాళ్ల పేర్ల కాగితం కడపకు వచ్చిందంట, అందులో నా పేరూ, పక్కన ఇంటాయన పేరూ ఉన్నాయంట. ఆయన వచ్చే రైలుకల్లా ఎదురుపోయాడు. పేరు వచ్చింది గాని మనిషి రాలేదని మా అత్త గడపలో కూర్చుని అందరికీ చెప్పిందంట. దిగి ఇంకెక్కడికో పోయిందని ఊరు ఊరంతా అనుకుంది. కోడూరామె భయపడి భయపడి, చివరికి తన కూతుర్ని చంకనేసుకుని మా ఇంటికి పోయి ఉన్నది చెప్పిందాకా, నేను ఈ దేశంలో ఉండీ లేను, మన దేశంలో లేకుండా ఉన్నాను. యుద్ధం ముగిసి మామా వాళ్లు తిరిగొచ్చినప్పుడు చీటీ తీసి వస్తువు తర్వాత వస్తువు అప్పజెప్పాను, సైనికులు మోసుకుపోయిన వాటి మీద అడ్డగీతలు ముందే గీసి ఉంచాను, దుప్పట్ల తర్వాత యుమ్మాను కూడా అప్పజెప్పాను. చిన్న కొడుకు పేరు, దొరకనివాళ్ల జాబితాలో చాలా ఏళ్లు ఉండిపోయిందని తర్వాత విన్నాను.

ఇప్పుడు ఏ లెక్కకూ ఎవరూ నోరు తెరవక్కరలేదు. గేటు దగ్గర యంత్రం మొహం చూసి లోపలికి వదులుతుంది, ఫోను అందరి పేర్లూ దాచుకుంటుంది, పోయినవాళ్ల నంబర్లు కూడా ఉన్నవాళ్ల పక్కనే ఉంటాయి. మంచిదే, సుఖమే. కాని ఒక పేరు పిలిచి, పలికేదాకా అన్నం ముట్టకుండా ఆగేవాళ్లు ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నారో నాకు తెలియదు. నా కోడలు మీద నాకున్న కోపం కూడా దోసపిండి గురించి కాదేమో. మాయమయ్యేదాన్ని మాయం కానిస్తారు ఈ కాలం వాళ్లు, అంత ధైర్యం మాకు లేకపోయింది.

నా సీటు ఆమెకిచ్చిన ఆ మర్నాడు పొద్దున కోడూరామె సంచి మోసుకుని నేనూ బస్సు దగ్గరికి పోయాను. బెజవాడ సారు మెట్టు మీద నిలబడి పేర్లు చదివాడు. నా పేరు చదివాడు, ఇంటాయన పేరు చదివాడు. కోడూరామె హాజరు అంది. ఆయన తలెత్తకుండా గుర్తు పెట్టుకున్నాడు. ఆమె ఎక్కింది, బస్సు వెళ్లిపోయింది. నేను ఇంటికొచ్చి పాలు కాచి, ఖర్జూరాలతో యుమ్మా ముందు పెట్టాను. ఎవరు పోయారు అని అడిగింది. నా పేరు చెప్పాను. ఆమె తల ఊపి, పాలు తాగి, గ్లాసు నా చేతికిచ్చింది.