పెద్దమ్మ వెలిగించిన కొవ్వొత్తి

నిన్న నంద్యాలలో మా మనవరాలు ఫోన్ చూసి ఇంగ్లీషు జాతీయాలు బట్టీ పడుతోంది. కొవ్వొత్తిని రెండు కొసలా వెలిగించడమంటే రేయింబవళ్లు పనిచేసి ఒళ్లు గుల్ల చేసుకోవడమని చదివింది. అది తర్వాత వచ్చిన అర్థం, మొదట దుబారా అనే అర్థమే ఉండేదన్నాను. అవ్వకు ఇంత ఇంగ్లీషు ఎక్కడిదని ఆ పిల్ల అనుమానంగా చూసింది. నాకు నేర్పింది మా పెద్దమ్మ.

అమ్మకు అక్క. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్లకు జవాబూ చెప్పలేదు. బడి మానేసి చేలల్లో చెనక్కాయలు పీకే ఏడుగురు ఆడపిల్లలను పోగేసి, పొద్దున ఆరింటికి బడి వరండాలో పదో తరగతి పాఠాలు చెప్పేది. నాయన నన్ను ఎనిమిదిలో మాన్పించాడు కాబట్టి ఆ ఏడుగురిలో నేనూ ఉన్నాను. ఈ జాతీయం చెప్పిన రోజు ఆమె నిజంగానే కొవ్వొత్తిని అడ్డంగా పట్టుకుని రెండు వైపులా ముట్టించింది. మైనం ఆమె కుచ్చిళ్ల మీదా, నా నోటుబుక్కు మీదా కారింది. కొవ్వొత్తి ఖరీదైన సరుకుగా ఉన్న కాలంలో ఫ్రాన్సులో, ఇంగ్లండులో ఆస్తి తగలేసేవాణ్ణి ఇలా ఎగతాళి చేసేవారట. ఒళ్లు తగలేసుకునేవాడికి ఆ మాట తర్వాతెప్పుడో అంటుకుందట. "వెలుగు రెండింతలొస్తాది, ఉండేది సగం పొద్దే" అంది వేళ్లు ఊదుకుంటూ.

బడి యజమానికి దొర్నిపాడు దగ్గర చేలున్నాయి. మేము కూలికి ఆలస్యంగా వెళ్తున్నామని ఆయన కోపం. ఒక పొద్దున వచ్చి మా ముందే అన్నాడు: "టీచరమ్మా, కూలి పిల్లలకు ఇంగ్లీషెందుకు? కొవ్వొత్తి రెండు కొసలా కాల్చుకుంటాండావ్."

పెద్దమ్మ సుద్దముక్క కింద పెట్టలేదు. "ఏ అర్థంలో అంటాండారు సార్? దుబారా అంటారా, ఈ పిల్లల చదువు దుబారా కాదు. అలుపంటారా, అది నా ఒళ్లు, నేను చూసుకుంటా."

మర్నాడు గేటుకు తాళం. ఆమె గేటు ముందే రోడ్డు మీద చాప పరిచి పాఠం మొదలుపెట్టింది. బస్సుకు పోయేవాళ్లు నిలబడి చూశారు. నెల తిరక్కుండా ఆమెను రుద్రవరంలోని వాళ్ల ఇంకో బడికి పంపించారు. రోజూ బస్సులో వెళ్లి వచ్చింది కానీ, పొద్దుటి పాఠం మాత్రం మానలేదు. తన ఇంటి ముంగిట చెప్పింది. ఒకసారి బస్సులో నిద్రపోయి, ఆళ్లగడ్డ దాటి నంద్యాలలో కళ్లు తెరిచింది. ఆ సంగతి చెప్పి తనే ముందు నవ్వింది.

ఏడుగురిలో నలుగురం పాసయ్యాం. నేను నర్సునయ్యాను. తప్పిన ముగ్గురి చేతా ఆమె మళ్లీ పరీక్ష కట్టించింది, ఇద్దరు గట్టెక్కారు.

పెద్దమ్మ అరవై చూడలేదు. అంత చాకిరీ చేసి అరిగిపోయిందని, బతుకు వృథా చేసుకుందని ఊళ్లో అన్నారు. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఇన్నేళ్లు ఆసుపత్రిలో ఎందరి చివరి రోజులో చూశాను. కాలాన్ని పొదుపు చేసుకున్నవాళ్ల దగ్గర అది మిగిలి ఉండగా ఒక్కసారీ చూడలేదు.