పంచే వంతు నాది

ఏడాదిగా స్టీలు ప్లాంటు క్వార్టర్లలో, సెక్టర్ 2 వరండాలో మా పేకాట జట్టు నన్ను ఆడనిస్తోంది గానీ ముక్కలు పంచనివ్వడం లేదు. నేను వేలు తడి చేసుకుని పంచుతాను (అది మా మేస్త్రీ అంటించిన అలవాటు, ఆ కథ వేరు). నా పాత టీబీ తిరగబెట్టిందని వాళ్ల భయం.

ఈ రోజు డాక్టరు తేల్చేశాడు. ఇది టీబీ కాదు, మట్టిలో నీళ్లలో ఉండే దాని దాయాది క్రిమి. టీబీ మచ్చలతోనో దుమ్ముతోనో చెడిన ఊపిరితిత్తుల్నే ఎక్కువగా పడుతుంది, మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటదు.

సాయంత్రం పేక లాక్కుని పంచేశాను. ఎవరూ ముట్టలేదు.

"ఏటి భయ్యా, నిజంగా అంటదా?" అన్నాడు సింహాచలం.

"ఫర్నేసు దుమ్ము నువ్వూ ఇరవయ్యేళ్లు మింగినావు గదా. నన్ను కాదురా, నీ ఊపిరితిత్తుల్ని చూసి భయపడు."

సింహాచలం ముక్కలెత్తి చూసుకుని, "ఒక్క జోకరూ లేదు, నీది దరిద్రపు చెయ్యి" అని తిట్టాడు.

ఏడాది తర్వాత విన్న తిట్టు, చెవికి ఇంపుగా ఉంది. ఇంకా అనుమానమున్నవాళ్లు రేపు రండి. పంచేది నేనే.